ఆర్‌వో మిషన్ బానే ఉంది, టీడీఎస్ మీటర్ పట్టుకుని అమ్మేవాళ్లతోనే తంటా

మేం ఉండేది హైదరాబాద్‌లో నిజాంపేట వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో. సంపులోకి మంజీరా (సర్కారు నల్లా) నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, అవి చాలకపోతే వాచ్‌మన్ బోరు మోటార్ వేస్తాడు, ఎండాకాలం అదీ చాలక ట్యాంకర్ వస్తుంది. మూడూ ఒకే సంపులో కలిసిపోతాయి కాబట్టి పొద్దున నల్లా తిప్పితే వచ్చేది ఏ నీళ్లో ఎవరికీ తెలీదు. నేను మిషన్ కొన్నది ఈ కలగాపులగం నీళ్ల కోసం, సో అందరిళ్లకీ ఇదే సెట్ అవుతుందని మాత్రం అనుకోకండి. ఆర్‌వో ప్లస్ యూవీ, అంటే మెంబ్రేన్ అనే సన్నటి పొరతో నీళ్లు వడకట్టేదీ, క్రిముల్ని చంపే లైటూ ఉన్నది, ఎనిమిది లీటర్ల ట్యాంకు, గోడకి తగిలించే టైపు, 14 వేల చిల్లర పడింది. కంపెనీ పేరు రాయట్లేదు, సర్వీస్ వాళ్లని నాలుగు మాటలు అనాల్సి ఉంది. పైగా ఈ రేంజ్‌లో లోపలి సామాను అన్నిట్లో ఇంచుమించు ఒకటే, పైన డబ్బా రంగు మారుతుంది అంతే.

ముందు బాగున్న సంగతి. బోరు నీళ్లు ఎక్కువ కలిసిన రోజు కిచెన్ నల్లా దగ్గర టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన ఉప్పులు లీటరుకి ఎన్ని మిల్లీగ్రాములో చూపించేది) పెడితే 940 దాకా చూపిస్తుంది. మీటర్ లేకపోయినా తెలిసిపోతుంది లెండి, కుక్కర్ అడుగున తెల్లగా పేరుకుంటుంది, గీజర్ కాయిల్ మీద సున్నం గట్టిపడిపోతుంది, కందిపప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా బద్దలు బద్దలుగానే ఉంటుంది. మిషన్‌లోంచి వచ్చేవి 60, 70 మధ్య ఉంటున్నాయి. పప్పు మెత్తగా ఉడుకుతోంది, చాయ్‌కి చాయ్ రుచి వచ్చింది. మొదట్లో మా ఆయనకి నచ్చలేదు, "ఇవేం నీళ్లే, బ్యాటరీలో పోసేవాటిలా ఉన్నాయి" అని రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టేసేవాడు, ఇప్పుడు ఊరెళ్తే అక్కడి నీళ్లకి వంక పెడుతున్నాడు. క్యాన్లు మానేశాం, నాకైతే అదే పెద్ద రిలీఫ్, ఆ 20 లీటర్ల క్యాన్ మూతి చుట్టూ పాచి ఉన్నా వేసేవాడిని అడగలేం, ఎక్కడ నింపుకొస్తాడో తెలీదు.

లోపల ఏముంటుందో కొంచెం చెప్తా, సర్వీస్‌కి వచ్చినోళ్లు "అన్నీ మార్చేయాలి మేడం" అన్నప్పుడు ఏది దేనికో తెలిసుంటే డబ్బులు మిగుల్తాయి. బయట వేలాడే ప్లాస్టిక్ గిన్నెలో తెల్లటి స్పన్ ఫిల్టర్ ఉంటుంది, 5 మైక్రాన్లది, మట్టి, తుప్పు, ఇసుక అక్కడ ఆగిపోతాయి. తర్వాత కార్బన్, ఇది క్లోరిన్‌ని, వాసనని, కొన్ని రసాయనాల్ని పీల్చుకుంటుంది. రుచి ఒక్కటే కాదు దీని పని, క్లోరిన్ నేరుగా తగిలితే మెంబ్రేన్ పాడైపోతుంది, దానికి కాపలా ఇదే. ఇక మెంబ్రేన్ అసలు సరుకు. పంపు ప్రెషర్‌తో నీళ్లని దాంట్లోంచి తోస్తే కరిగిన ఉప్పులు, ఫ్లోరైడ్, నైట్రేట్, ఆర్సెనిక్, సీసం చాలావరకు ఇవతలే ఉండిపోతాయి. చివర్లో యూవీ లైట్, దాని డ్యూటీ క్రిముల వరకే, ఉప్పునీ ఫ్లోరైడ్‌నీ అది ముట్టుకోదు, నీళ్లు మురికిగా ఉంటే వెలుగు సరిగా తగలక క్రిముల పని కూడా సగంలో ఆగుతుంది. కాపర్ కాట్రిడ్జ్, ఆల్కలైన్ కాట్రిడ్జ్ అని ఇంకో రెండు వేలకి అంటగట్టబోయారు, వద్దన్నాను, ఇప్పటిదాకా వాటి అవసరం కనపడలేదు.

ఇక అమ్మేవాళ్ల సంగతి. ఈమధ్య మా గేటు దగ్గర ఒకాయన టేబుల్ వేసి డెమో పెట్టాడు. రెండు గ్లాసులు, ఒకదాంట్లో మా నల్లా నీళ్లు, రెండోదాంట్లో ఆయన మిషన్ నీళ్లు, రెండిట్లో కరెంటు రాడ్లు. కాసేపటికి మా నీళ్లు తుప్పు రంగుకి తిరిగి, పైన నురగ, అడుగున మడ్డి. "చూశారా ఆంటీ, మీ పిల్లలు రోజూ తాగేది ఇదే" అన్నాడు. కిందింటావిడ అప్పుడే ఫోన్‌పే తీస్తోంది. నేను పైకెళ్లి చిటికెడు ఉప్పు తెచ్చి ఆయన మిషన్ నీళ్లలో వేసి, ఇప్పుడు పెట్టు బాబూ అన్నా. అవీ అదే రంగుకొచ్చాయి. ఆ మడ్డి రాడ్‌లోని ఇనుము కరిగి వచ్చింది. నీళ్లలో ఉప్పులుంటే కరెంటు పారుతుంది, పారితే ఇనుము కరుగుతుంది, ఆర్‌వో నీళ్లలో ఉప్పులు తక్కువ కాబట్టి పెద్దగా పారదు, తెల్లగానే ఉంటాయి, అంతకుమించి ఏం లేదు అక్కడ. ఆయనేం సిగ్గుపడలేదు, టేబుల్ ఎత్తుకుని పక్క బ్లాక్‌కి వెళ్లాడు.

టీడీఎస్ మీటర్ కూడా ఆ బాపతే, అది కొలిచేది కరెంటు ఎంత పారుతుందో, దాన్నే నంబర్‌గా మార్చి చూపిస్తుంది. ఆ కరిగింది కాల్షియమా ఫ్లోరైడా దానికి తెలీదు, క్రిముల సంగతి అసలే తెలీదు. డ్రైనేజ్ కలిసిన నీళ్లు 250 చూపించొచ్చు, ఏ రోగమూ లేని బోరు నీళ్లు 600 చూపించొచ్చు. బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) వాళ్ల తాగునీటి ప్రమాణం, ఐఎస్ 10500, లీటరుకి 500 మిల్లీగ్రాముల దాకా టీడీఎస్ ఓకే అంటుంది, వేరే నీళ్లు దొరకని చోట 2000 దాకా ఒప్పుకుంటుంది. మా సంపులో ఉత్త మంజీరా నీళ్లే ఉన్న రోజు 210 వచ్చింది. రోజూ అవే వచ్చే ఇంట్లో ఆర్‌వో పెట్టడం డబ్బు దండగ, నీళ్ల దండగ. 2019లో ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) కూడా 500 లోపు ఉన్నచోట ఆర్‌వో నిషేధించమని పర్యావరణ శాఖకి చెప్పింది. అదే ఏడాది బీఐఎస్ కుళాయి నీళ్లు టెస్ట్ చేసి ర్యాంకులిస్తే ముంబై ఫస్ట్, ఆ వెనకే హైదరాబాద్, భువనేశ్వర్ ఉన్నాయి. కాకపోతే ఆ నీళ్లు మన సంపు, మన ట్యాంకు, మన పైపులు దాటొచ్చేసరికి ఏమవుతాయనేది వేరే కథ, ఏళ్ల తరబడి సంపు కడిగించని అపార్ట్‌మెంట్లు నాకు తెలుసు. ఉత్త మంజీరా నీళ్లే వచ్చేవాళ్లకి కార్బన్, యూఎఫ్ (క్రిముల్ని ఆపి ఉప్పుల్ని వదిలేసే సన్న వడపోత), యూవీ ఉన్న ఫిల్టర్ చాలు, రేటూ తక్కువ, వేస్ట్ నీళ్ల గొడవా ఉండదు, మిగిలిన డబ్బుతో సంపు కడిగించుకోవచ్చు.

ఇప్పుడు అసలు నేను ఇంత పొడుగ్గా రాయడానికి కారణం. మా అమ్మావాళ్లది నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ అంటే ఏంటో అక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు, పాత తరంవాళ్ల పళ్లూ మోకాళ్లూ చూస్తే చాలు. ఇప్పుడు సర్కారు మిషన్ భగీరథ పథకం నీళ్లు వస్తున్నాయి, పరిస్థితి చాలా మారింది, కానీ పైప్‌లైన్ రిపేర్ వస్తే మళ్లీ బోరే గతి. అందుకని నాన్న కూడా ఆర్‌వో పెట్టించుకున్నారు. మొన్న పండక్కి వెళ్తే నీళ్లు మునుపటికంటే ఉప్పగా అనిపించాయి, ఏంటని చూస్తే సర్వీస్ అబ్బాయి టీడీఎస్ కంట్రోలర్ స్క్రూ తిప్పేసి వెళ్లాడట, "మరీ తక్కువుంటే బలం ఉండదు పెద్దనాన్నా" అని. ఆ స్క్రూ చేసేది ఒక్కటే, మెంబ్రేన్‌లోకి వెళ్లని పచ్చి నీళ్లని కొన్ని తెచ్చి మంచినీళ్లలో కలుపుతుంది. లెక్క వేసుకోండి, బోరులో ఫ్లోరైడ్ లీటరుకి 4 మిల్లీగ్రాములు ఉందనుకుందాం, మెంబ్రేన్ 90 శాతం ఆపితే 0.4 మిగుల్తుంది, హ్యాపీ. స్క్రూ తిప్పి పావు వంతు పచ్చి నీళ్లు కలిపారంటే మళ్లీ 1.3కి వచ్చి కూర్చుంటుంది. ప్రమాణం ప్రకారం ఉండాల్సింది 1 లోపు, గతిలేని చోట 1.5. బలం కోసమని ఫ్లోరైడ్ కలిపిచ్చినట్టైంది. నేనే స్క్రూ మొత్తం మూసేసి మీద టేప్ వేసొచ్చాను. ఫ్లోరైడ్, ఆర్సెనిక్, నైట్రేట్ ఉన్న ఏరియాల్లో దాన్ని ముట్టుకోనివ్వకండి, టీడీఎస్ 50 వచ్చినా పర్లేదు, కాల్షియం పాలు, పెరుగు, రాగుల్లోంచి వస్తుంది. మరగబెడితే పోతుందని ఇంకా నమ్మేవాళ్లున్నారు, ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరైపోయి ఇంకా చిక్కబడుతుంది. పటికా సున్నం వేసి తీసే పద్ధతి ఒకటుంది, నీరి (నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ) వాళ్లు కనిపెట్టింది, దాని పేరే నల్గొండ టెక్నిక్. బోరు నీళ్లు తాగేవాళ్లు ముందు ఒకసారి ల్యాబ్‌లో ఫ్లోరైడ్, నైట్రేట్, బ్యాక్టీరియా టెస్ట్ చేయించి, ఆ తర్వాత మిషన్ షాపుకెళ్లండి.

నచ్చనివి. ఒకటి వేస్ట్ నీళ్లు. ఒక బిందె మంచినీళ్లకి రెండు బిందెల పైనే బయటికి పోతాయి, ఎండాకాలం ట్యాంకర్‌కి డబ్బులిచ్చి కొన్న నీళ్లు అలా మోరీలోకి పోతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. పైపు కింద బకెట్ పెట్టాను, ఇల్లు తుడవడానికి, బాత్రూం ఫ్లష్‌కి వాడతాం. బోరు రోజు ఆ నీళ్ల మీటర్ 1300 దాకా చూపిస్తుంది, అందుకే మొక్కలకి పోయట్లేదు, కారు తుడిస్తే అద్దం మీద తెల్లమచ్చలు పడతాయి.

రెండోది సర్వీస్. కొన్నప్పుడు ఉన్న మర్యాద వారంటీ అయ్యాక ఉండదు. ఏఎంసీ (ఏడాది సర్వీస్ కాంట్రాక్ట్) కట్టమని ఫోన్ల మీద ఫోన్లు, కట్టాక మనం చేస్తే ఎత్తరు. వచ్చినాయన మెంబ్రేన్ పోయింది, మూడు వేల పైన అవుతుందన్నాడు. ముందు మీటర్ పెట్టి చూపించు అన్నాను, పెడితే ఎప్పట్లాగే 65. నీళ్లు సన్నగా రావడానికి కారణం స్పన్ ఫిల్టర్ మట్టితో మూసుకుపోవడం, అది బయట నూటయాభై లోపే, స్పానర్ కూడా కంపెనీ ఇస్తుంది, మనమే మార్చుకోవచ్చు. నిజంగా మెంబ్రేన్ పోతే వచ్చే నీళ్ల నంబర్ నెమ్మదిగా పైకి ఎక్కుతుంది, 65 కాస్తా 150, 200 అవుతుంది, టీడీఎస్ మీటర్‌కి ఉన్న అసలు ఉపయోగం ఇదే, మూడొందలు పెట్టి కొనుక్కుని డ్రాయర్‌లో పడేయండి. అదే సైజు మెంబ్రేన్ సికింద్రాబాద్ రాణిగంజ్ షాపుల్లో అడిగితే సగం రేటు చెప్పారు. మార్చినప్పుడు సీల్ మన ముందే విప్పమనండి, పాతది మన దగ్గరే పెట్టుకోండి, కడిగి ఇంకో ఇంట్లో బిగించేవాళ్లున్నారని వింటున్నా. మిషన్‌కి ఐదుకి నాలుగు ఇస్తా, సర్వీస్‌కి ఒకటి, అదీ ఆ అబ్బాయి చెప్పులు బయట విప్పినందుకు.

ఇంకొకటి మర్చిపోయేలోపు చెప్తా, లోపలి ట్యాంకు కూడా కడగాలి. కార్బన్ క్లోరిన్ మొత్తం తీసేస్తుంది కాబట్టి అందులో నిలవున్న నీళ్లకి ఏ రక్షణా ఉండదు, గోడలు జిగటగా అవుతాయి. వారం ఊరెళ్లొస్తే మేం ఆ ట్యాంకు నీళ్లు పారబోసి, మళ్లీ నిండాకే తాగుతాం.