గండికోట దారిలో ఒక ఇటుక మిద్దె

కడప జిల్లా గండికోటకు పోయేవాళ్లలో చాలామంది పెన్నా లోయ అంచున ఫొటోలు దిగి అదే బండిలో తిరిగొచ్చేస్తారు. లోయ బాగుంటుంది, కాదనను. నాకు మాత్రం ఈ యాత్రలో బాగా నచ్చింది జమ్మలమడుగు పక్కన ఒక పల్లెలోని పాత ఇటుక మిద్దె. ఇంటివాళ్లు ఇంకా అందులోనే కాపురం ఉంటున్నారు కాబట్టి ఊరి పేరు రాయడం లేదు.

ముందు బస సంగతి. కోట దగ్గర పర్యాటక శాఖ హరిత హోటల్ ఉంది, సెలవుల్లో పోవాలంటే ముందే బుక్ చేసుకోండి. మాకు దొరక్క ఒక టెంట్ల క్యాంపులో దిగాం. డబ్బుకు తగ్గ సుఖం లేదు. స్నానాల గది దూరం, పగలంతా కాగిన బండలు రాత్రి సెగ కక్కుతాయి, పైగా నడిరాత్రి దాకా డీజే మోత. మరుసటి రాత్రి జమ్మలమడుగు లాడ్జికి మారాం. హంగులేమీ లేవు గానీ నీళ్లు వచ్చాయి, నిద్ర పట్టింది. పొద్దున ఉగ్గాని బజ్జి, రాత్రికి జొన్నరొట్టె. తిండి విషయంలో ఈ ఊరికి వంక పెట్టలేం. రైల్లో వచ్చేవాళ్లకు ముద్దనూరు అనువు. నంద్యాల–ఎర్రగుంట్ల లైను 2016లో పూర్తయ్యాక జమ్మలమడుగులోనూ స్టేషన్ ఉంది, కాకపోతే అటు బండ్లు తక్కువ.

ఇక మిద్దె. ఆ ఇల్లు మా స్నేహితుడి దూరపు చుట్టాలది. "యాడ నుంచి వచ్చినారు నాయనా? ఈ పాతకొంపలో ఏముందని చూస్తారు!" అంటూనే పెద్దమ్మ చాప పరిచింది. ఈ పక్క పాత ఇళ్లంటే ఎక్కువగా రాతిగోడలు, మట్టి అడుసు, పైన చౌడు పోసిన మట్టిమిద్దె. కాల్చిన ఇటుకతో, అదీ గానుగలో ఆడించిన సున్నంతో ఇల్లు కట్టించాలంటే కలిగినవాళ్లకే సాధ్యం. గార రాలిన చోట ఇటుకలు కనిపిస్తున్నాయి. ఇప్పటివాటికన్నా సన్నగా, వెడల్పుగా ఉన్నాయి. గోడ ఎంత మందమంటే కిటికీ గూట్లో ఒక మనిషి కాళ్లు ముడుచుకుని కూర్చోవచ్చు.

చూడాల్సిందంతా పైకప్పులోనే ఉంది. దూలాల మీద దంతెలు, అంటే అడ్డంగా పరిచిన సన్నటి కొయ్యలు, వాటి మీద సన్నటి ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరసల్లో సున్నంతో పేర్చారు. మద్రాసు మిద్దె అంటారే, అదే పద్ధతి. పైన ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి పోసి, కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు చల్లుతూ రోజుల తరబడి చెక్కలతో కొట్టి గట్టిపరిచేవాళ్లు. మధ్యలో గవాచి, అంటే కప్పులో వదిలిన కంత. వెలుగు దాంట్లోంచే పడుతుంది, వేడిగాలి దాంట్లోంచే పోతుంది. మిట్టమధ్యాహ్నం పడసాలలో ఫ్యాను ఆపేసినా మాకు ఉక్క అనిపించలేదు. లావు గోడలకు వేడి ఎక్కేసరికే పొద్దు వాలుతుంది. కింద కడప బండలు. వాటి మీద పడుకుంటే లేవబుద్ధి కాదు.

పెరటి గోడకు ఈ మధ్య సిమెంటు పూశారు. వాళ్లను తప్పు పట్టలేను. గానుగ సున్నం చేసే మేస్త్రీ ఇప్పుడు దొరకడు, దొరికినా కూలి గిట్టదు. కానీ సున్నం గోడ పీల్చిన తేమను బయటికి వదులుతుంది, సిమెంటు దాన్ని లోపలే బంధిస్తుంది. ఉప్పు పూసి, సిమెంటు పెచ్చుతోపాటు ఇటుక పొర కూడా ఊడి వస్తోంది. విచిత్రమేమంటే, కాళ్ల కింద బండా, ఎర్రగుంట్ల ఫ్యాక్టరీల సిమెంటూ ఈ జిల్లా సున్నపురాయి నుంచి వచ్చేవే. నార్జి సున్నపురాయి అని భూగర్భ శాస్త్రజ్ఞులు పిలిచేది అదే.

కోటలో మాధవరాయ గుడి, జామా మసీదు పురావస్తు శాఖ చూసుకుంటోంది. పెద్ద ధాన్యాగారం లోపలికి పోయి కమాను కప్పు చూడండి, మిద్దె చూసి వచ్చిన కంటికి సున్నం పని విలువ ఇంకా బాగా తెలుస్తుంది. కేంద్ర చట్టంలో పురాతన కట్టడానికి 100 ఏళ్ల లెక్క ఉంది గానీ, వయసు దాటినంత మాత్రాన ఏ ఇల్లూ రక్షణలోకి రాదు, ప్రకటించాలి. జనం కాపురముండే పల్లె ఇళ్లకు ఆ యోగం పట్టడం అరుదు. నా మట్టుకు నాకు, కోట కన్నా ముందు కనుమరుగయ్యేవి ఇవే అనిపిస్తుంది.

పెద్దమ్మ కొడుకు ఇల్లు పడగొట్టి స్లాబు వేద్దామంటున్నాడట. "నేనున్నన్నాళ్లు ముట్టుకోనీను" అంది ఆమె.

ఇలాంటి ఇళ్లు చూడాలంటే సోషల్ మీడియాలో వెతకొద్దు. ఊళ్లో రచ్చబండ దగ్గర పెద్దవాళ్లను అడగండి, చెప్పుల్లేకుండా లోపలికి పోండి, ఫొటోకు అనుమతి తీసుకోండి. మిద్దె పైకి ఎక్కకండి, దంతెలు చాలాచోట్ల పుచ్చిపోయి ఉంటాయి. ఎండాకాలం వద్దు, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మేలు. కోటకు ఒక పూట సరిపోతుంది, మిగతా పూట పల్లెలకు ఇవ్వండి.