జెయింట్ సాలమాండర్ అని బోర్డు పెట్టి జానెడు జీవిని చూపించారు – మా బెజవాడ ట్రిప్

మే రెండో వారంలో చీరాల నుంచి బెజవాడ వెళ్లొచ్చాం, నేను, మా ఆయన, మా అత్తయ్య, ఎనిమిదో క్లాసులోకి వచ్చిన మా పాప. అత్తయ్యకి అమ్మవారి దర్శనం మొక్కు ఉంది. పాప గోల అంతా అక్కడ పెట్టిన అక్వేరియం ఎగ్జిబిషన్ కోసం, ఎందుకంటే దాని ఫ్లెక్సీ మీద "ప్రపంచంలోనే అతి పెద్ద ఉభయచరం, చైనా జెయింట్ సాలమాండర్, మీ కళ్ల ముందే" అని రాశారు. సాలమాండర్ అంటే కప్పలకి చుట్టం, చూడ్డానికి మాత్రం తోకతో బల్లిలా ఉంటుంది. నేను హైస్కూల్లో బయాలజీ చెప్తాను, పద్నాలుగేళ్లుగా పాఠంలో చెప్పడమే కానీ ఒక్కసారి కూడా చూడలేదు, అందుకని పాపకన్నా నాకే ఎక్కువ ఆత్రం. దర్శనం గంటన్నరలో చక్కగా అయిపోయింది.

సాయంత్రం గాంధీనగర్ నుంచి ఆటో 180 తీసుకున్నాడు. టికెట్ పెద్దవాళ్లకి 150, పాపకి 100, మొత్తం 550. అద్దాల సొరంగం, చేపలు బాగానే ఉన్నాయి, దానికి పెట్టిన డబ్బుకి నేనేం బాధపడను. కానీ చివర్లో నల్లగుడ్డ కట్టిన ఒక గది, అందులోకి మళ్లీ తలకి 30. సరే అని 120 ఇచ్చి వెళ్లాం. లోపల రెండడుగుల తొట్టి, అందులో తెల్లగా జానెడు పొడవున్న జీవి, మెడకి రెండు పక్కలా గులాబీరంగు కుచ్చుల్లా మొప్పలు. చూడగానే తెలిసిపోయింది, అది యాక్సొలాటల్, మెక్సికో సరస్సుల్లో ఉండే ఇంకో రకం చిన్న సాలమాండర్. పాప నా చెయ్యి పట్టుకుని "అమ్మా, ఇది అది కాదు కదా" అంది. ఆ మొహం ఇంకా గుర్తొస్తూనే ఉంది నాకు.

బయటికొచ్చి కౌంటర్లో అడిగితే ఆయన తల కూడా ఎత్తలేదు. "రెండూ ఒకటే మేడం, ఇది పిల్ల, పెద్దయితే అదే అవుద్ది" అన్నాడు. ఇది పచ్చి అబద్ధం, పైగా నమ్మేలా ఉన్న అబద్ధం, నాకు మండింది అందుకే. జెయింట్ సాలమాండర్ పిల్లకి కూడా మొదట్లో బయటికి కనిపించే మొప్పలుంటాయి, కొన్నేళ్లకి అవి పోతాయి. యాక్సొలాటల్‌కి బతికినన్నాళ్లూ మొప్పలు ఉండిపోతాయి, మొప్పలతోనే గుడ్లు కూడా పెడుతుంది. రెండూ వేరే వేరే కుటుంబాలు, వీటి దారులు డైనోసార్ల కాలంలోనే విడిపోయాయి. వందల మంది పిల్లలు ఆ గదిలోంచి తప్పు నేర్చుకుని బయటికి పోతున్నారు అంటే ఆయన "మీ 120 కోసం ఇంత గొడవా" అన్నాడు. మా ఆయన నన్ను పక్కకి లాక్కొచ్చేశాడు, దార్లో ఇద్దరం మాట్లాడుకోలేదు.

లాడ్జి సంగతి కూడా చెప్పాలి. ఏసీ రూమ్ 1,800, నలుగురికని ఎక్స్‌ట్రా బెడ్ 300. రాత్రి పదకొండుకి ఏసీ ఆగిపోయింది, కిందకి ఫోన్ చేస్తే వోల్టేజ్ లేదమ్మా అన్నారు, మరి కారిడార్లో లైట్లన్నీ దేదీప్యమానంగా వెలుగుతున్నాయి. 24 గంటల చెకౌట్ అని ముందు చెప్పి పొద్దున్న తొమ్మిదింటికే తలుపు కొట్టారు. ఏసీ నడవని రాత్రికి ఏసీ రేటు ఎలా అని అడిగి 400 వెనక్కి తీసుకున్నాను, మీరూ అడగండి, అడిగితే ఇస్తారు.

ఆ ఉక్కలో ఎవరికీ నిద్ర పట్టలేదు. పాప కింద పడుకుని "అసలుది ఎంతుంటుందమ్మా" అంది. నేల మీద రెండడుగుల టైల్స్ ఉన్నాయి, మూడు టైల్స్ లెక్కపెట్టు అన్నాను. ఆరడుగులు. దాదాపు అంత, 1.8 మీటర్ల దాకా పెరుగుతుంది. ఆ చివర నుంచి ఈ చివరకి నడిచి చూసి పాప లేచి కూర్చుంది, ఇక ప్రశ్నలు ఆపలేదు. అంత ఒళ్లున్నా ఊపిరితిత్తులతో దానికి పెద్ద పని ఉండదు, చర్మంతోనే గాలి పీల్చుకుంటుంది, ఒంటికి రెండు వైపులా ముడతలు ముడతలుగా వేలాడే చర్మం ఉంటుంది, ముడతలెక్కువైతే నీళ్లు తగిలే చోటు ఎక్కువ. అందుకే దానికి చల్లగా వేగంగా పారే కొండవాగులే కావాలి, నీళ్లు వేడెక్కితే వాటిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. కళ్లు ఆవగింజలంత, రెప్పలుండవు, నీళ్ల కదలికని ఒంటితోనే పసిగట్టి చటుక్కున నోరు తెరిచి చేపని నీళ్లతో సహా లాగేసుకుంటుంది.

గుడ్లు జపమాల పూసల్లా దండలుగా వందల్లో పెడుతుంది. మిగతా సాలమాండర్లలో చాలా వాటిలా కాకుండా ఇవి చేపల్లాగా బయటే ఫలదీకరణ చేసుకుంటాయి, అంటే పాతకాలం పద్ధతి వదల్లేదన్నమాట. తర్వాత ఒడ్డున ఉన్న బొరియలో మగదే కాపలా ఉంటుంది, తోకతో నీళ్లు విసురుతూ. జపాన్ జాతిలో ఆ మగదాన్ని గుహ యజమాని అంటారు పరిశోధకులు. ఇంతసేపూ నిద్రపోతోందనుకున్న అత్తయ్య "తండ్రి కాస్తాడా, మంచిదే" అంది చీకట్లోంచి. చైనాలో దీన్ని పసిపాప చేప అంటారు అత్తయ్యా, పసిబిడ్డ ఏడ్చినట్టు అరుస్తుందని, అంటే "అయ్యో" అంది.

అప్పుడు షాయిష్జర్ కథ చెప్పాను. 1726లో ఆ స్విస్ పండితుడు రాతిలో దొరికిన ఒక అస్థిపంజరాన్ని చూసి ఇది బైబిల్లో చెప్పిన జలప్రళయంలో మునిగి చచ్చిన పాపిష్టి మనిషిది అని పుస్తకం వేశాడు. 1811లో కువియే అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఆ రాయిని చెక్కి, ముందుకాళ్లు బయటపెట్టి, ఇది మనిషి కాదు రాక్షస సాలమాండర్ అని తేల్చాడు. అంటే ఒకప్పుడు యూరప్‌లో కూడా ఇవి ఉండేవి. ఇప్పుడు చైనాలో, జపాన్లో, ఇంకా అమెరికాలో హెల్‌బెండర్ అనే చిన్న బంధువు మాత్రమే మిగిలాయి. 2019లో లండన్ మ్యూజియంలో దాచిన పాత నమూనా డీఎన్ఏ చూసి, చైనాలో ఉన్నది ఒక జాతి కాదు, దక్షిణ చైనాది వేరే జాతి, బహుశా అన్నిటికన్నా పెద్దది అదే అని చెప్పారు. అక్కడ తినడానికి ఫారాల్లో లక్షల్లో పెంచుతున్నారు, వాగుల్లో మాత్రం వెతికినా దొరకట్లేదు. పాప ఇక మాట్లాడలేదు.

పొద్దున్నే సందు చివర బండి దగ్గర ఇడ్లీ, ప్లేటు 40. ఇడ్లీ మీద కారప్పొడి చల్లి, వేడి నెయ్యి గరిటెతో పోసి, పక్కన అల్లం పచ్చడి. అత్తయ్య రెండో ప్లేటు తనే అడిగింది, రాత్రి లాడ్జి వాళ్లని తిట్టిన నోటితో ఆ బండాయన్ని దీవించింది. ఈ ట్రిప్ మొత్తం మీద పెట్టిన డబ్బుకి మించి దొరికింది ఈ ఒక్క చోటే.

సామాను క్లోక్‌రూమ్‌లో పెట్టి ఉండవల్లి గుహలు చూసొచ్చి, నాలుగింటికి మళ్లీ ఎగ్జిబిషన్‌కి వెళ్లాను. మా ఆయన వద్దన్నాడు, పాప నా వైపు. గేటు దగ్గర నల్లగది చూసుకునే కుర్రాడు గుర్తుపట్టి టికెట్ లేకుండానే రానిచ్చాడు. ఐసు కట్టిన వాటర్ బాటిల్ ఒకటి తుడిచి మెల్లగా తొట్టిలోకి వదులుతున్నాడు. గంటకొకటి మారుస్తాడట, కరెంటు పోతే ఇంటి నుంచి కూడా తెస్తాడట. "వేడైతే తిండి మానేస్తదక్కా" అన్నాడు. ఎవరూ చెప్పకుండా చూసి నేర్చుకున్నాడు, ఈ జీవికి కూడా చల్లటి నీళ్లే ప్రాణం. తర్వాత నెమ్మదిగా "మరి దీని అసలు పేరేంటక్కా" అని అడిగాడు.

పాప నోట్సులోంచి కాగితం చింపి పెద్ద అక్షరాలతో రాసింది: యాక్సొలాటల్, మెక్సికో, జీవితాంతం మొప్పలుంటాయి, జెయింట్ సాలమాండర్ వేరు. ఆ కుర్రాడు ఓనరు ఏమంటాడోనని కాసేపు ఆలోచించి, పై బోర్డు జోలికి వెళ్లకుండా, పిల్లల కళ్లకి అందేంత కిందగా అద్దానికి సెలోటేప్‌తో అతికించాడు. మా 120 మాత్రం వెనక్కి రాలేదు. మేం బయటికొస్తుంటే ఇద్దరు పిల్లలు మోకాళ్ల మీద కూర్చుని యా-క్సొ-లా అని కూడబలుక్కుంటున్నారు.