ఓట్జీని చూసే రోజు ఏ సరస్సుకి: కరెజ్జాకా, బ్రాయెస్‌కా?

ఇటలీలోని బోల్జానోలో కారు మాట్లాడుకుని కొండ సరస్సు, ఓట్జీ అనే పురాతన మమ్మీ ఉన్న పురావస్తు మ్యూజియం ఒక్కరోజులో చూడాలంటే నా ఓటు కరెజ్జాకే. సుమారు పాతిక కిలోమీటర్లే. బ్రాయెస్‌కు దాదాపు వంద. పైగా నడివేసవిలో కార్లకు ముందే బుకింగ్ ఉండాలి, అదో టెన్షన్. పడవ షికారు మాత్రం అక్కడే. కరెజ్జాలో నీళ్లలోకి దిగనివ్వరు, కంచె ఇవతలి నుంచే లాటెమార్ శిఖరాల నీడ చూడాలి. శరదృతువుకి నీళ్లూ బాగా తగ్గిపోతాయి.

అలా మిగిలిన టైమంతా ఓట్జీకి. 1991లో మంచులో దొరికిన, సుమారు 5,300 ఏళ్ల నాటి మనిషి. మైనస్ 6 డిగ్రీల గదిలో ఉంచి, చిన్న కిటికీలోంచి చూపిస్తారు. ఎడమ భుజంలో బాణపు ములికి, ఒంటి మీద 61 పచ్చబొట్లు! ఎలుగుబంటి తోలు టోపీ కూడా చూడండి.

పిల్లలకు పడవే కావాలంటే బ్రాయెస్‌కు తెల్లవారకముందే బయల్దేరి, మ్యూజియం మధ్యాహ్నానికి పెట్టుకోండి.