గుంజే కుక్కలు మూడుంటే ఏ హార్నెస్ కొనాలి? చాలాకాలం వాడాక చెప్తున్నా

మా ఇంట్లో మూడు కుక్కలు. బ్రూనో 34 కిలోల లాబ్రడార్. రాణి కారవాన్ హౌండ్, సన్నగా ఉండే వేటకుక్క జాతి. నల్లోడు మా గల్లీలోనే పుట్టినవాడు. ముగ్గురూ గుంజేవాళ్లే, కానీ ఒక్కొక్కరి గుంజుడు ఒక్కో తీరు. నల్గొండలో పానగల్ వైపు, ఉదయసముద్రం చెరువు కట్ట మీద తెల్లారకముందే తిప్పుతాను. రకరకాల హార్నెస్‌లు (ఛాతీ చుట్టూ పట్టీలతో తొడిగేవి), లీష్‌లు (మనం చేత్తో పట్టుకునే తాళ్లు) అరిగేదాకా వాడాను. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పగలను: సెట్టు బాగుందని మూడింటికీ ఒకే రకం కొనకండి.

మెడబెల్ట్ వేస్తే గొంతు నొక్కుకుని దగ్గుతున్నాయని చాలామంది వీపు మీద రింగు ఉన్న హార్నెస్‌కు మారతారు. గొంతుకు అది మేలే. కానీ గుంజే అలవాటున్న కుక్కకు దాన్ని తొడిగితే ఎద్దుకు కాడి కట్టినట్టే. ఛాతీ ఆనించి ఒళ్లంతా బలం పెట్టి లాగుతుంది. మంచు దేశాల్లో బండ్లు లాగే కుక్కలకు కట్టేది కూడా ఇదే పద్ధతిలో ఉంటుంది: భారం ఛాతీ మీద, తాడు వెనక.

బ్రూనోకు పనిచేసింది ఛాతీ దగ్గర రింగు ఉన్న హార్నెస్. వాడు ముందుకు దూకగానే లీష్ బిగిసి ఛాతీ నా వైపు తిరుగుతుంది, ఇక బలం పెట్టడానికి దారి ఉండదు. పట్టీ భుజాలకు అడ్డంగా పోయే రకం మాత్రం వద్దు, కాలు చాపినప్పుడల్లా భుజానికి తగులుతుంది. ఎదురుగా నిలబడి చూస్తే వై ఆకారంలో కనిపించాలి. పట్టీలు రెండూ ఛాతీ ఎముక దగ్గర కలిసి, ముందుకాళ్ల మధ్య నుంచి కిందికి పోవాలి. ముందు రింగుతో ఉన్న చిక్కు ఏమిటంటే, లీష్ కాస్త వదులైతే కాలి కిందికి జారుతుంది. అందుకే బ్రూనోకు రెండు కొసల్లోనూ హుక్కులున్న లీష్ వాడుతున్నా, ఒకటి ఛాతీకి, ఒకటి వీపుకి. మూడింటికీ ఇలా పెడితే చేతిలో ఏ తాడు ఎవరిదో తెలియదు. బరువైనవాడికి ఒక్కడికే చాలు.

అసలు కష్టం రాణితో. ఈ జాతికి తల సన్నం, మెడ దాదాపు అంతే లావు, ఛాతీ లోతు, నడుము పిడికెడు. మామూలు బెల్ట్‌లోంచి తల వెనక్కి లాక్కుని బయటపడుతుంది. రెండు పట్టీల హార్నెస్ అయినా అంతే. భయపడి వెనక్కి నడిస్తే మోచేతులు మడిచి చొక్కా విప్పినట్టు విప్పేసుకుంటుంది. దీనికి మూడో పట్టీ కావాలి, పక్కటెముకలు దాటాక నడుము సన్నబడే చోట పడేది. ఒకసారి అక్కడ బిగిస్తే ఛాతీ దాన్ని దాటిరాదు. దాంతోపాటు మెడకు వెడల్పాటి మార్టింగేల్ బెల్ట్ ఉంచుతాను. లాగితే తల జారనంత మేరకే బిగుస్తుంది, సరిగా కొలిచి పెడితే గొంతు పట్టదు. లీష్ మాత్రం ఎప్పుడూ హార్నెస్‌కే.

నల్లోడికి వీపు రింగు మామూలు హార్నెస్ సరిపోయింది. వాడి గుంజుడు మాన్పించింది నేర్పుడే: లీష్ బిగిస్తే నేను ఆగడం, వదులైతే నడవడం, మధ్యలో ఉడికించిన చికెన్ ముక్క. ఈ నేర్పుడు లేకుండా ఏ హార్నెస్ అయినా కొన్నాళ్ల ముచ్చటే.

రెండు కుక్కలను ఒకే లీష్‌కు కలిపే కప్లర్ మా ఇంట్లో నడవలేదు. రాణి నడక వేరు, బ్రూనో వాసన చూడటానికి ఆగే తీరు వేరు. ఒకటి ఆగితే రెండోదానికి కుదుపు. ఒకే సైజు, ఒకే నడక ఉన్న జంటకైతే బాగుంటుంది. లీష్ తగిలించి మన నడుముకు కట్టుకునే బెల్ట్ గుంజే కుక్కలతో వద్దే వద్దు, కట్ట దిగేచోట మనిషి కింద పడతాడు. సాగే తాడు డబ్బా లీష్ కూడా అంతే. సన్నతాడు చర్మం కోస్తుంది, డబ్బా చేజారితే దాని చప్పుడుకే కుక్క బెదిరి ఉరుకుతుంది. ఐదారడుగుల కాటన్ లీష్, బ్రూనోకు అంగుళం వెడల్పుది, నా చేతికి హాయి. నైలాన్ జారితే అరచేయి మండుతుంది. కాటన్ వానకు తడిస్తే ఆరడం ఆలస్యం, అది భరించవచ్చు.

కొనేముందు మెత్తలు కాదు, కుట్లు చూడండి. ఒక హార్నెస్ రింగు దగ్గర ఒకే వరుస కుట్టు ఊడి చేతికి వస్తే ప్రకాశం బజారులో బ్యాగులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. పట్టీని గోటితో గీకి, "అక్కా, పట్టీ మంచిదే, కుట్టే లేదు. నాలుగు పక్కలా కుట్టి నడుమ అడ్డంగా రెండు గీతలు పడాలె" అన్నాడు. అలాగే కుట్టిచ్చాడు, ఇప్పటికీ చెక్కుచెదరలేదు. అప్పటినుంచి రింగు దగ్గర డబ్బాలో ఇంటూ గుర్తులా కుట్టు లేకపోతే కొనను. హుక్కుల్లో ఇత్తడివి నమ్మకం. ఇసుక చేరి స్ప్రింగు పట్టేస్తే నీళ్లతో కడిగి నూనె చుక్క వేస్తా.

మన ఎండలకు మందపాటి మెత్త ఉన్నవి పనికిరావు. ఏప్రిల్ వచ్చిందంటే ఒళ్లు ఉడుకుతుంది, మెత్త కింద గోమార్లు దాక్కుంటాయి, జాలీ గుడ్డకు పల్లేరుకాయలు పట్టుకుని చంక కింద గుచ్చుకుంటాయి. పలచటి పట్టీలున్నదే మేలు. ఇంటికి రాగానే విప్పి చంకలో వేలు పెట్టి చూస్తా. ఎర్రబడితే పట్టీ మోచేతికి దగ్గరగా ఉన్నట్టు.

వీపు మీద పిడి ఉన్నదైతే ఇంకా మంచిది. కట్ట మలుపులో వీధికుక్కలు గుంపుగా మీదికి వచ్చినప్పుడు బ్రూనోను పిడి పట్టుకుని కాళ్లకు ఆనించి నిలబెట్టగలను.

ప్యాకెట్ మీద కిలోల లెక్క చూసి సైజు తీసుకోవద్దు. దర్జీ టేపుతో ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత తీసి, తొడిగాక పట్టీ కింద రెండు వేళ్లు పట్టేలా చూడండి. రాణి లాంటి జాతికైతే నడుము కొలత కూడా రాసుకుని ఆర్డర్ పెట్టండి.