చైన్ బిగిస్తే చాలా, సెట్టే మార్చాలా?

రావులపాలెం నుంచి కాలవగట్టు మీదుగా వస్తుంటే బండి కింద, గేర్ల దగ్గర సరసరమని రాపిడి. గేర్‌బాక్సే పోయిందని టెన్షన్ పడ్డాను. ఇంటికొచ్చి ఇంజిన్ ఆపి, మెయిన్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో వెనక చక్రం చేత్తో తిప్పితే అదే చప్పుడు. ఇంజిన్ తిరగకుండానే వస్తోందంటే ముందు అనుమానించాల్సింది చైన్‌నే. వదులై, కవర్‌కి రాసుకుంటోంది.

బిగించడానికి పైసా ఖర్చు లేదు. వెనక చక్రం యాక్సిల్ నట్టు వదులు చేసి, రెండు పక్కల అడ్జస్టర్లూ గీతలు చూసుకుంటూ సమానంగా తిప్పాలి. చిన్న బళ్లలో చాలావాటికి చైన్ మధ్యలో 20-30 మి.మీ. ఆట (పైకీ కిందికీ కదలిక) ఉండాలి, మీ బండి పుస్తకంలో ఉన్న అంకే ప్రమాణం. గట్టిగా ఉంటే మంచిదని మరీ లాగేస్తారు మావాళ్లు. బేరింగులు పోయేది అందుకే.

చక్రం తిప్పుతుంటే చైన్ ఒకచోట బిగుతుగా, ఇంకోచోట వదులుగా ఉంటే మాత్రం బిగింపు దండగ. వెనక స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) మీద చైన్‌ని వెనక్కి లాగి చూడండి. సగం పన్ను బయటపడినా, పళ్లు కొక్కేల్లా వంగినా చైన్, ముందు వెనక స్ప్రాకెట్లు కలిపి సెట్ మార్చాల్సిందే. చైన్ ఒక్కటే వేస్తే అరిగిన పళ్లు దాన్నీ తినేస్తాయి.

ఊడ్పుల బురదలో, అంతర్వేది వైపు ఉప్పుగాలిలో తిరిగే బళ్లకు ఆ రోజు తొందరగానే వస్తుంది. నాది ఈసారికి బిగింపుతోనే సరిపోయింది. అన్నట్టు, ఇంజిన్ ఆన్‌లో ఉండగా చైన్‌ని గుడ్డతో తుడవకండి, వేళ్లు పోతాయి.