డిక్కీ వదులుకోకుండా కారులో మంచి సౌండ్: ఏది మేలు?

మా స్విఫ్ట్ డిక్కీలో మూడేళ్ల పాటు 12 అంగుళాల సబ్‌వూఫర్ (లోతైన స్వరాల కోసమే ఉండే పెద్ద స్పీకర్) పెట్టె ఉండేది. పాట వినిపించే తీరులో దానికి ఏనాడూ వంక పెట్టలేదు. కానీ సంక్రాంతికి ఊరు వెళ్లి తిరిగి వచ్చేటప్పుడు అమ్మ కట్టి ఇచ్చిన 25 కిలోల బియ్యం బస్తా, అరిసెల డబ్బా, నెయ్యి డబ్బా వెనక సీట్లో పిల్లల కాళ్ల కింద సర్దవలసి వచ్చేది. హైదరాబాదు చేరే దాకా వాళ్లు మోకాళ్లు పైకి ముడుచుకుని కూర్చునేవారు. మూడో ఏడాది పెట్టె తీసేసి, చోటు పోకుండా పాట బాగుండే దారులు ఒక్కొక్కటిగా పరీక్షించి చూశాను. ఈ పోలిక ఆ అనుభవం మీద ఆధారపడినదే.

ముందుగా పెట్టెకు న్యాయం చేయాలి. గాలి ఎంత ఎక్కువగా కదిలితే మంద్రస్వరం, అంటే బేస్, అంత లోతుగా వస్తుంది. అందుకే పెద్ద కోన్‌కు (స్పీకర్‌లో ముందుకూ వెనక్కూ కదిలే గరాటు ఆకారపు పొరకు), దాని వెనక ఉన్న పెద్ద పెట్టెకు సాటి వచ్చేది మరొకటి లేదు. 12 అంగుళాల వూఫర్‌కు మూసిన పెట్టె అయితే లోపలి పరిమాణం సుమారు 28 లీటర్లు, గొట్టం పెట్టిన పోర్టెడ్ పెట్టె అయితే 50 లీటర్లు, అంతకన్నా ఎక్కువ కావాలి. చెక్క మందం కూడా కలుపుకుంటే పోర్టెడ్ పెట్టెకు 268 లీటర్ల మా స్విఫ్ట్ డిక్కీలో దాదాపు పావు వంతు పోతుంది. లెక్కలో పావు వంతే అయినా, మిగిలిన చోటు సూట్‌కేసు పట్టని వంకర ఆకారంలో మిగులుతుంది కనుక వాడుకలో పోయేది సగం. పైగా బెల్టుతో గట్టిగా బిగించని బరువైన పెట్టె సడన్ బ్రేకు వేసినప్పుడు ముందుకు దూసుకొస్తుంది. పిల్లలు వెనక కూర్చునే కారులో దీన్ని చిన్న విషయంగా తీసుకోకూడదు.

రెండో దారి స్టెప్నీ గుంత. పడుకోబెట్టిన స్టెప్నీ రిమ్ము మధ్యలో ఉండే ఖాళీలో కూర్చునేలా తయారైన గుండ్రటి వూఫర్లు ఉన్నాయి. జేబీఎల్ వారి 11 అంగుళాల బేస్‌ప్రో హబ్ ఈ రకానిదే. పైన కార్పెట్ పరిచేస్తే డిక్కీలో ఒక్క అంగుళం కూడా పోదు, సీటు కింద పెట్టే వాటికన్నా బేస్ కూడా లోతుగా వస్తుంది. రెండు ఇబ్బందులు మాత్రం ఉన్నాయి. రాత్రిపూట హైవే మీద పంక్చరైతే సామాను దించి, వైర్లు ఊడదీసి, వూఫర్ పక్కన పెట్టిన తర్వాతే చక్రం చేతికి వస్తుంది. ఇక ఎర్టిగా, ఇన్నోవా వంటి బళ్లలో స్టెప్నీ బాడీ కింద బయట వేలాడుతూ ఉంటుంది కనుక వాటికి ఈ దారే లేదు.

మూడోది సీటు కింద అమర్చే యాక్టివ్ సబ్‌వూఫర్, అంటే యాంప్ (శబ్దానికి బలమిచ్చే యాంప్లిఫైయర్) కూడా అందులోనే ఉండే పలచటి అల్యూమినియం పెట్టె. ఎత్తు సుమారు 7 నుంచి 8 సెంటీమీటర్లు, నిడివి వెడల్పులు ఏ4 కాగితం కన్నా కొంచెం పెద్దవి. మనిషి చెవి సుమారు 80 హెర్ట్జ్ కన్నా తక్కువ స్వరాలు ఏ దిక్కు నుంచి వస్తున్నాయో తేలిగ్గా పోల్చుకోలేదు కాబట్టి, వూఫర్ సీటు కింద ఉన్నా బేస్ ముందునుంచి వస్తున్నట్టే అనిపిస్తుంది. చిన్న కారు మూసి ఉన్న గది వంటిది కావడంతో లోతైన స్వరాలకు లోపలి గాలే కొంత బలం చేకూరుస్తుంది, చిన్న వూఫర్‌కు అది బాగా కలిసివస్తుంది. అయినా దీని హద్దు దీనికి ఉంది. బేస్ గిటార్ అడుగు తీగ పలికే 41 హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి ఇది అలసిపోతుంది, వాల్యూమ్ పెంచితే పెట్టే అదురుతుంది. మృదంగం ఎడమవైపు గుంకారం, డోలు దెబ్బ, సినిమా పాటలోని డ్రమ్ము మాత్రం ఇందులో నిండుగా వినిపిస్తాయి. మా ఇంట్లో వినేది ఎక్కువగా అవే. ఒళ్లు అదిరే బేస్ కోరేవారికి ఇది చాలదు, ఆ మాట కొనేముందే తెలిసి ఉండాలి.

దీన్ని కొనే ముందు టేపు పట్టుకుని సీటు కింద కొలవాలి. ఆ కొలత సీటును పూర్తిగా వెనక్కి జరిపి ఒకసారి, ముందుకు జరిపి మరోసారి, ఎత్తు మార్చే సీటయితే బాగా కిందకు దించి ఇంకోసారి తీసుకోవాలి. వెనకవారికి ఏసీ గాలి తీసుకెళ్లే గొట్టం సీటు కిందనుంచి పోతోందేమో కూడా చూసుకోవాలి. వ్యాగన్‌ఆర్‌లో ముందు ఎడమ సీటు కింద ట్రే ఉండే రకాలు ఉన్నాయి, స్మార్ట్ హైబ్రిడ్ ఎర్టిగాలో అదే చోట లిథియం బ్యాటరీ ఉంటుంది. వానాకాలంలో తడి చెప్పుల నీళ్లు చేరేది కూడా అక్కడికే కనుక, కార్పెట్‌కు అంటకుండా కాస్త ఎత్తులో బిగించమని అడగాలి.

నాలుగోది తలుపులు. నాకు అన్నిటికన్నా నమ్మకం ఉన్నది, చాలామంది పట్టించుకోకుండా దాటిపోయేది కూడా ఇదే. ముందు తలుపు ప్లాస్టిక్ ప్యానెల్ విప్పి చూస్తే నల్లటి జిగురుతో అంటించిన పలచటి ప్లాస్టిక్ కాగితం, దాని వెనక చెయ్యి పట్టేంత రంధ్రాలు కనిపిస్తాయి. స్పీకర్ కోన్ ముందుకు నెట్టే గాలికి, వెనకనుంచి వెలువడే గాలి సరిగ్గా ఎదురు. ఆ రంధ్రాల గుండా రెండూ కలిసిపోయి బేస్ పుట్టినచోటే చచ్చిపోతుంది. ఎంత ఖరీదైన స్పీకర్ బిగించినా ఈ లోపం పోదు. బయటి రేకును వేలి కణుపుతో కొడితే ఖాళీ నూనె డబ్బాలా మోగుతుంది. అదే రేకుకు లోపలివైపు అదురు తగ్గించే బ్యూటైల్ (రబ్బరు వంటి) డ్యాంపింగ్ షీటు అంటించి రోలరుతో గట్టిగా నొక్కి, లోపలి రేకు రంధ్రాలు కూడా మూసేశాక మళ్లీ కొడితే, 'టక్' మని గోడను తట్టినట్టు పొడిగా వినిపిస్తుంది. మా కారులో ఆ ఒక్క పనితోనే, పాత స్పీకర్లలోనే, ఎన్నాళ్లుగానో వింటున్న పాటలో కొత్తగా బేస్ వినిపించింది. తలుపు అడుగున నీళ్లు పోయే సన్నటి కన్నాలను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మూయకూడదు, మూస్తే అద్దం వెంట దిగిన వాన నీరు నిలిచి తలుపు తుప్పు పడుతుంది. చవకగా దొరికే తారు షీట్లు కూడా వద్దు. మన మే నెల ఎండలో కారు నిలిపితే అవి మెత్తబడి జారిపోతాయి.

తలుపులు సిద్ధమయ్యాక కాంపొనెంట్ స్పీకర్లు, అంటే వూఫర్ తలుపులో, సన్నటి స్వరాలు పలికే ట్వీటర్ విడిగా అద్దం మూల దగ్గర ఉండేవి, ముందువైపు పెడితే చాలు. వెనక తలుపుల మీద డబ్బు పెట్టనక్కరలేదు. కంపెనీ స్టీరియో మీద 50 వాట్ల చొప్పున నాలుగు అని రాసి ఉన్నా నిలకడగా ఇచ్చేది ఒక్కో దానికి 15 నుంచి 20 వాట్లు మాత్రమే కాబట్టి, సెన్సిటివిటీ (ఇచ్చిన కరెంటుకు ఎంత గట్టిగా పలుకుతుందో చెప్పే కొలత) 90 డెసిబెల్స్ దాటిన స్పీకర్లనే ఎంచుకోవాలి. ఇంకా స్పష్టత కావాలంటే అరచేతి వెడల్పు ఉండే క్లాస్-డి (తక్కువ వేడెక్కే చిన్న రకం) యాంప్‌లు డ్యాష్‌బోర్డు వెనకే ఇమిడిపోతాయి. వాటిలో డీఎస్‌పీ (ఒక్కో స్పీకర్ శబ్దాన్ని విడిగా సవరించే డిజిటల్ చిప్) ఉన్నదయితే మరీ మంచిది. మన దేశంలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు కనుక కుడి స్పీకర్ శబ్దం ముందుగా చెవిని చేరుతుంది. ధ్వని ఒక మిల్లీసెకనులో 34 సెంటీమీటర్లు వెళ్తుంది. ఆ లెక్కన కుడి స్పీకర్‌ను కాస్త ఆలస్యం చేసినప్పుడు గాయకుడు తలుపులోంచి కాక, డ్యాష్‌బోర్డు మధ్యలో నిలబడి పాడుతున్నట్టు వినిపిస్తాడు. ఇందుకు డిక్కీలో అంగుళం కూడా ఇవ్వనక్కరలేదు.

ఏ దారి ఎంచుకున్నా వైరింగు దగ్గర రాజీ పడకూడదు. బ్యాటరీ నుంచి వచ్చే తీగకు బ్యాటరీకి 45 సెంటీమీటర్ల లోపే ఫ్యూజు ఉండాలి, రాగి పూత పూసిన అల్యూమినియం తీగ కాక అసలు రాగి తీగే కావాలి. కంపెనీ వైర్లు కోయకుండా ఆ మోడల్‌కు సరిపోయే కప్లర్లు (గుచ్చి కలిపే ప్లగ్గులు) వాడితే వారంటీ గొడవ వచ్చే అవకాశం తక్కువ, కారు అమ్మేటప్పుడు ఉన్నదున్నట్టు తిరిగి బిగించుకోవచ్చు.

అయిదుగురు కూర్చునే హ్యాచ్‌బ్యాక్‌కు నా ఓటు ముందు తలుపుల డ్యాంపింగుకు, కాంపొనెంట్ స్పీకర్లకు, వాటితో పాటు సీటు కింద వూఫర్‌కు. డబ్బు ఒకేసారి సరిపోకపోతే ఇదే వరుసలో, తలుపులతో మొదలుపెట్టాలి, వూఫర్ ఆరు నెలల తర్వాత వచ్చినా నష్టం లేదు. బేస్ మీద ఎక్కువ మక్కువ ఉండి, స్టెప్నీ లోపల ఉన్న కారయితే సీటు కింద వూఫర్‌కు బదులు స్టెప్నీ గుంతలో పెట్టేది మేలు. డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ ఉన్నవారికి, మూడో వరుస సీట్లు నిలబెడితే 209 లీటర్లే మిగిలే ఎర్టిగాలో కుటుంబమంతా ప్రయాణించేవారికి తలుపుల పని, డీఎస్‌పీ యాంప్ చాలు. పెట్టె తీసేసిన తర్వాతి సంక్రాంతికి మా బియ్యం బస్తా డిక్కీలోనే వచ్చింది, పిల్లలు కాళ్లు చాపుకుని హైదరాబాదు దాకా నిద్రపోయారు.