ల్యాప్‌టాప్ బ్యాటరీ: కంపెనీదా, కంపాటిబులా, సెల్స్ మార్పించడమా?

"బ్యాటరీ పోయింది అన్నా, ఒరిజినలే వేయించాలా, బయటిది వేస్తే ఏమైనా అవుతుందా?" వారానికి ఒకరైనా ఇదే అడుగుతున్నారు. ఈమధ్యే మా తమ్ముడి హెచ్‌పీ 15కి బ్యాటరీ మార్పించాం కాబట్టి లెక్కలన్నీ బుర్రలో తాజాగా ఉన్నాయి, అందరికీ కలిపి ఒకేసారి రాసేస్తున్నా.

ఒరిజినలా డూప్లికేటా అని అందరూ తెగ మథనపడతారు గానీ, నేను ముందు చూసేది లోపలి సెల్స్ వయసు. లిథియం అయాన్ సెల్ వాడినా అరుగుతుంది, వాడకుండా డబ్బాలో పెట్టినా అరుగుతుంది, వేడి తగిలితే ఇంకా తొందరగా. ఏడేళ్ల కిందటి మోడల్‌కి కంపెనీ బ్యాటరీ దొరికిందని సంబరపడతాం. అది ఆ మోడల్ నడుస్తున్న రోజుల్లో చేసిన సరుకే అయి, ఏ రేకుల షెడ్డు గోడౌన్‌లోనో మన ఎండాకాలాలు నాలుగు చూసిందంటే, సీల్ విప్పకముందే సగం ముసలిదైపోయి ఉంటుంది. నిరుడు తయారైన ఓ మాదిరి కంపాటిబుల్ (అదే మోడల్‌కి సరిపడేలా బయటి కంపెనీ చేసింది), దీనికన్నా ఎక్కువసేపు నిలబడినా ఆశ్చర్యం లేదు. అందుకే స్టిక్కర్ మీద తయారీ నెల, సంవత్సరం చూడందే నేను డబ్బులు తీయను. తేదీ లేకపోతే అడుగుతా, "అవన్నీ ఉండవు సార్" అంటే పక్క షాపుకి వెళ్తా. సికింద్రాబాద్ సీటీసీ లాంటి కంప్యూటర్ షాపుల సముదాయంలో పక్క షాపుకి కొదవేముంది!

ల్యాప్‌టాప్ కొని నాలుగైదేళ్లలోపే అయితే ఇంత ఆలోచన అక్కర్లేదు. సర్వీస్ సెంటర్‌లో కంపెనీదే వేయించండి, స్టాక్ ఇంకా కదులుతూ ఉంటుంది కాబట్టి సెల్స్ కొత్తవే వచ్చే అవకాశం ఎక్కువ. ధర కంపాటిబుల్‌కి రెండింతలో, ఇంకా పైనో ఉంటుంది, అయినా నా ఓటు దానికే. పైగా లెనోవో థింక్‌ప్యాడ్ల లాంటి కొన్ని మోడళ్లు తమది కాని బ్యాటరీ కనిపిస్తే హెచ్చరిక చూపిస్తాయి, కొన్నయితే అసలు చార్జే ఎక్కనివ్వవు.

అంతకన్నా పాత ల్యాప్‌టాప్‌కి కంపాటిబులే దిక్కు, కాకపోతే ఇక్కడ అంకెలతో ఆడుకుంటారు. ఎంఏహెచ్ ఎక్కువుంటే గొప్ప అనుకోకండి. 11.4 వోల్టుల దగ్గర 3,600 ఎంఏహెచ్ అన్నా, 15.2 వోల్టుల దగ్గర 2,700 ఎంఏహెచ్ అన్నా వోల్టులతో గుణించి వెయ్యితో భాగిస్తే రెండూ సుమారు 41 వాట్ అవర్లే, అంటే బ్యాటరీలో పట్టే మొత్తం శక్తి ఒకటే. పోల్చాల్సింది ఆ వాట్ అవర్లని. పాత బ్యాటరీ మీద 41 ఉండి, అదే సైజు కొత్తదాని మీద 60 అని కొడితే అది స్టిక్కర్ మహిమే, అంత చోటు లోపల ఎక్కడుంది? ల్యాప్‌టాప్ మోడల్ పేరు చెప్పి కొనొద్దు, ఒకే పేరు మీద రెండు మూడు రకాల బ్యాటరీలు వస్తుంటాయి. పాతది విప్పించి దాని మీది పార్ట్ నంబరు, వోల్టేజీ, కనెక్టర్ సరిచూసుకోండి. మా తమ్ముడిది హెచ్‌టీ03ఎక్స్‌ఎల్. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది, బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే తయారీదారు పేరు వస్తుంది. నంబరు లేకపోయినా, వేరే సరుకు పేరు వచ్చినా దండం పెట్టి వచ్చేయండి.

బిగించాక షాపువాళ్లు కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ బ్యాటరీ రిపోర్ట్ (విండోస్ ఇచ్చే బ్యాటరీ లెక్క) తీసి "చూడండి సార్, ఫుల్ కెపాసిటీ" అంటారు. ఆ అంకె చెప్పేది బ్యాటరీలో ఉన్న చిప్పే. అందులో ఏది రాస్తే విండోస్ అదే చూపిస్తుంది, దొంగను అడిగి దొంగతనం రాసుకున్నట్టు. అందుకని ఇంటికొచ్చి వంద దాకా చార్జ్ పెట్టి, స్లీప్ ఆపేసి, ఓ వీడియో ఆపకుండా ఆడిస్తూ వదిలేయండి. మంచి బ్యాటరీ ఒక వరుసలో దిగుతుంది. నాసిరకంది ముప్పై, నలభై దాకా బుద్ధిగా వచ్చి, ఒక్కసారిగా స్క్రీన్ నల్లబడి ఆగిపోతుంది. ఈ పరీక్ష వెనక్కి ఇచ్చే గడువు ఉండగానే చేయాలి, బిల్లు మీద వారంటీ రాయించుకుని మరీ తెచ్చుకోవాలి.

ఇక మూడోది, ఉన్న ప్యాక్‌లోనే సెల్స్ మార్పించడం. అన్నిటికన్నా చవగ్గా చెబుతారు. పాతకాలం ఊడదీసే బ్యాటరీల్లో 18650 అనే సైజు గుండ్రటి సెల్స్ ఉండేవి, చేయి తిరిగినవాళ్లు మార్చేవారు. ఇప్పటివాటిలో పల్చటి పౌచ్ సెల్స్. పాతవి తీయగానే కొన్ని ప్యాకుల్లో చిప్ లాక్ అయిపోతుంది, అవ్వకపోయినా పాత సెల్స్ లెక్కనే పట్టుకుని ఉంటుంది. వేసిన సెల్స్ ఏ పాత బ్యాటరీలోంచి పీకినవో మనకి తెలిసే దారి లేదు. రాత్రంతా ఇంట్లో చార్జింగ్‌లో పెట్టే వస్తువుకి ఈ టెన్షన్ నాకొద్దు.

బ్యాటరీ తీసేసి చార్జర్ మీదే నడపొచ్చా అంటే, చాలావాటిలో నడుస్తుంది, కొన్ని వేగం తగ్గించేస్తాయి, కరెంటు పోతే పని గోవిందా. పవర్ బ్యాంక్‌తో నడుపుదామంటే, అది టైప్-సి చార్జింగ్ ఉన్నవాళ్లకే, అదీ ల్యాప్‌టాప్‌కి సరిపడా వాట్లు ఇస్తేనే.

ఏది వేయించినా ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉంచేవాళ్లు చార్జ్‌ని 80 దగ్గర ఆపే సెట్టింగ్ పెట్టుకోండి, చాలా కంపెనీలు ఇస్తున్నాయి. టచ్‌ప్యాడ్ నొక్కుడు పడక, అడుగు డొప్ప పైకి లేస్తోందంటే బ్యాటరీ ఉబ్బినట్టే. చార్జర్ పీకేసి మార్పించే దాకా వాడకండి, ఉబ్బినదాన్ని అట్టముక్క పెట్టి మీరే లేపుదామని చూడకండి. తీసిన పాతదాన్ని చెత్తబుట్టలో వేయొద్దు, షాపులోనో ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకో ఇచ్చేయండి.